బాబు రిపోర్టులో ఎఫ్ఏఎస్ అని ఉందంట, ఎన్నాళ్లు బతుకుతాడన్నా?

పోయిన వర్షాకాలంలో ఒక సాయంత్రం, ల్యాబ్ మూసేద్దాం అనుకుంటున్న టైంకి ఒక కుర్రాడు వచ్చాడు. పాతికేళ్లు కూడా ఉండవేమో, ఏజెన్సీ నుంచి వచ్చే ఆఖరి బస్సు దిగి నేరుగా వచ్చేసినట్టున్నాడు, చెప్పుల నిండా ఎర్ర బురద. ఫోన్ తీసి ఒక ఫొటో చూపించాడు, ఎవరో రిపోర్టుని వంకరగా ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టారు. పుట్టి ఇరవై రోజులైన బాబుది. కింద మూడు ఇంగ్లిష్ అక్షరాలు, ఎఫ్, ఏ, ఎస్. "సికిల్ వచ్చిందంటన్నా బాబుకి, ఎన్నాళ్లు బతుకుతాడు?" అని అడిగాడు. అప్పటికే ఇంట్లో మూడు రోజులుగా పొయ్యి సరిగ్గా వెలగట్లేదట, బాలింతరాలు అన్నం ముట్టట్లేదట, బారసాల కూడా వాయిదా వేసేశారట.

ఆ బాబుకి జబ్బు లేదు, నాకూ మీకూ ఎంత ఆరోగ్యం ఉందో వాడికీ అంతే ఉంది.

ఆ రోజు నుంచి దీని గురించి రాయాలని అనుకుంటూనే ఉన్నా. పసిపిల్లలకి రక్తపరీక్ష చెయ్యాలి అని అందరూ చెప్తారు, కరెక్టే, కానీ చేశాక వచ్చిన రిజల్ట్‌ని ఇంటివాళ్లకి ఎవరు చెప్పాలి, ఏ మాటల్లో చెప్పాలి అన్నదాని మీద ఖర్చుపెట్టే టైం మాత్రం సున్నా. నాకైతే మెషీన్ పని సగమే అనిపిస్తుంది, రెండో సగం నోటితో చెయ్యాల్సిన పని, అదే కష్టం కూడా.

ముందు ఆ అక్షరాల సంగతి చూద్దాం, ఎందుకంటే అది అర్థమైతే సగం భయం పోతుంది.

మన ఎర్ర రక్తకణాల్లో హిమోగ్లోబిన్ ఉంటుంది, ఆక్సిజన్ మోసేది అదే. పెద్దవాళ్లలో ఎక్కువగా ఉండేది ఏ రకం. కడుపులో ఉన్న బిడ్డకి మాత్రం ఎఫ్ అనే ఇంకో రకం ఉంటుంది, ఎందుకంటే బిడ్డ గాలి పీల్చడు కదా, తల్లి రక్తంలోంచి ఆక్సిజన్ లాక్కోవాలి, దానికి గట్టిగా పట్టుకునే రకం కావాలి. పుట్టేటప్పటికి బిడ్డ రక్తంలో 60 నుంచి 80 శాతం దాకా ఈ ఎఫ్‌యే ఉంటుంది, తర్వాత ఆరు నెలల్లో మెల్లగా తగ్గి ఆ చోటులోకి ఏ వస్తుంది. అందుకే పసిపిల్లల రిపోర్టులో ఎప్పుడూ ముందు ఎఫ్ కనిపిస్తుంది, ఏది ఎక్కువ ఉంటే అది ముందు రాస్తారు. ఎఫ్ఏ అంటే మామూలు. ఎఫ్ఏఎస్ అంటే మామూలు ఏ ఉంది, దాంతోపాటు ఎస్ అంటే సికిల్ రకం కూడా కొంత ఉంది, అంటే బిడ్డ క్యారియర్, తనకి జబ్బు లేకుండా దాన్ని పిల్లలకి అందించగలిగే మనిషి. ఎఫ్ఎస్ అని వచ్చి మధ్యలో ఏ లేకపోతే అప్పుడు ఆలోచించాలి, ఎందుకంటే ఆ బిడ్డ దగ్గర మామూలు హిమోగ్లోబిన్ తయారయ్యే దారి లేదని అనుమానం. ఒట్టి ఎఫ్ ఒక్కటే కనిపిస్తే తలసేమియా మేజర్ (మామూలు హిమోగ్లోబిన్ సరిగ్గా తయారవ్వని ఇంకో పుట్టుకతో వచ్చే రక్తజబ్బు) అయ్యుండొచ్చు, లేదా నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ కావొచ్చు, మళ్లీ చూడాలి.

అంటే ఒక్క ఏ అక్షరం ఉండటం, లేకపోవటం, తేడా అంతా అక్కడే. ఆ కుర్రాడికి రిపోర్టు చదివి చెప్పిన మనిషి చివర ఎస్ చూసి మధ్యలో ఏ చూడలేదు.

సికిల్ సెల్ అంటే పేపర్లలో కొడవలి కణాల రక్తహీనత అని రాస్తారు, ఊళ్లో మాత్రం అందరూ సికిల్ అనే అంటారు. హిమోగ్లోబిన్‌లో బీటా గొలుసు అని ఉంటుంది, దాంట్లో ఆరో స్థానంలో ఉండాల్సిన గ్లుటామిక్ యాసిడ్ బదులు వేలిన్ వచ్చి కూర్చుంటుంది, అంతే, ఒక్క ముక్క మారింది, దీన్ని 1956-57లో వెర్నన్ ఇంగ్రామ్ అనే శాస్త్రవేత్త కనిపెట్టాడు. ఆ ఒక్క మార్పుతో ఆక్సిజన్ తగ్గినప్పుడల్లా హిమోగ్లోబిన్ పుల్లల్లా పేరుకుపోయి కణం కొడవలిలా వంగిపోతుంది, చిన్న రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది, ఇరుక్కున్న చోటల్లా నొప్పి. మామూలు ఎర్రకణం 120 రోజులు బతికితే ఇది రెండు మూడు వారాలు కూడా నిలవదు, అందుకే రక్తం ఎప్పుడూ తక్కువే.

ఇక్కడో చిక్కుంది. సికిల్ జబ్బుతో పుట్టిన బిడ్డ పుట్టినప్పుడు చక్కగా, ఎర్రగా బుర్రగా ఉంటాడు, ఎఫ్ కాపాడుతూ ఉంటుంది కాబట్టి. ఎఫ్ తగ్గుతున్నకొద్దీ, అంటే నాలుగైదు నెలల నుంచి మొదలవుతాయి, ఉన్నట్టుండి రెండు చేతులూ పాదాలూ వాచిపోవడం, జ్వరం, పాలిపోవడం. ఇంట్లో దిష్టి అంటారు, ఎవరో పసరు రాస్తారు, ఇంకెవరో తాయెత్తు కడతారు, వాళ్లని అని లాభం లేదు, ఎవరికీ తెలీదు కదా. అందరికన్నా ముందు దెబ్బతినేది ప్లీహం, మనవాళ్లు కడుపులో బల్ల అంటారే అదే. ఒంట్లోకి వచ్చిన కొన్ని రకాల బ్యాక్టీరియాని అడ్డుకునేది అదే, అది పనిచెయ్యకపోతే న్యుమోకాకస్ లాంటిది వస్తే పొద్దున జ్వరం వచ్చిన బిడ్డ రాత్రికి ఉండకపోవచ్చు. ఒక్కోసారి రక్తమంతా బల్లలోకి వెళ్లి ఇరుక్కుపోతుంది, పొట్ట ఉబ్బుతుంది, గంటల్లో మనిషి తెల్లగా పాలిపోతాడు. చాలామంది పిల్లలు జబ్బు పేరు కూడా తెలీకుండానే ఇలా పోయేవాళ్లు, కాగితం మీద న్యుమోనియా అనో జ్వరం అనో రాసుకునేవాళ్లు.

పుట్టగానే పరీక్ష చెయ్యడం ఎందుకు అంటే ఇదిగో ఇందుకు, జబ్బు బయటపడక ముందే మనకి మూడు నాలుగు నెలల టైం చేతికొస్తుంది.

ఆ టైంలో ఏం చెయ్యొచ్చు అన్నది తేలడానికి చాలా ఏళ్లు పట్టింది. జమైకాలో కింగ్‌స్టన్‌లో గ్రాహమ్ సెర్జెంట్ అనే డాక్టరు టీమ్ 1973 నుంచి 1981 దాకా ఒకే ఆసుపత్రిలో లక్ష కాన్పుల్లో పుట్టిన పిల్లల రక్తం పరీక్ష చేసి, జబ్బున్న మూడొందల పైచిలుకు పిల్లల్ని ఏళ్లతరబడి వదలకుండా చూసుకుంటూ వచ్చింది. వాళ్లు చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది ఏంటంటే, బిడ్డ పొట్ట ఎడమవైపు పక్కటెముకల కింద చెయ్యి పెట్టి బల్ల తగులుతోందో లేదో చూడటం తల్లులకి నేర్పారు. మందు కాదు, మెషీన్ కాదు, తల్లి చెయ్యి. బల్ల పెరిగినట్టు తగిలితే వెంటనే ఆసుపత్రికి, అంతే. దాంతో ఆ రకం గండం వచ్చిన పిల్లల్లో చనిపోయేవాళ్లు దాదాపు పదోవంతుకి పడిపోయారు. తర్వాత 1986లో అమెరికాలో పెన్సిలిన్ ట్రయల్ ఒకటి బయటికొచ్చింది, చిన్నపిల్లలకి రోజూ రెండు పూటలా పెన్సిలిన్ ఇస్తే ఆ ఇన్‌ఫెక్షన్లు 84 శాతం తగ్గాయి, తేడా ఎంత స్పష్టంగా ఉందంటే ట్రయల్‌ని 8 నెలల ముందే ఆపేసి అందరికీ మందు ఇవ్వాల్సొచ్చింది. ఆ మరుసటి ఏడే, 1987లో, పుట్టిన ప్రతి బిడ్డకీ ఈ పరీక్ష చెయ్యాలని అక్కడి నిపుణులు చెప్పారు. న్యూయార్క్ మాత్రం 1975 నుంచే చేస్తోంది, కానీ పెన్సిలిన్ లెక్క తేలాకే మిగతా చోట్ల నమ్మకం కుదిరింది, 2006కి వచ్చేసరికి అమెరికా మొత్తం, ఇంగ్లండ్ మొత్తం కూడా వచ్చేశాయి. ఇంగ్లండ్‌లో ఐదో రోజు మడమ మీద సూది, జబ్బున్న బిడ్డయితే 90 రోజుల లోపు స్పెషలిస్ట్ దగ్గర ఉండాలి అని రూలు పెట్టుకున్నారు, ఎఫ్ తగ్గేలోపే పెన్సిలిన్ మొదలవ్వాలి కాబట్టి.

మన దేశంలో సికిల్ ఉందని మొదట తెలిసింది 1952లో, నీలగిరి కొండల గిరిజనుల్లో. తర్వాత మధ్య భారతం, ఒడిశా, గుజరాత్, మహారాష్ట్ర, మన పాడేరు, అరకు, రంపచోడవరం, సీతంపేట, భద్రాచలం, ఉట్నూరు వైపు కూడా. గిరిజనుల్లో ఎక్కువ, అలాగని గిరిజనులకే పరిమితం అనుకోకండి, మైదానంలో వేరే కులాల్లో కూడా చూస్తూనే ఉంటాం. ఎక్కువ ఉండటానికి కారణం మలేరియా, క్యారియర్‌కి ప్రాణం తీసే ఫాల్సిపారం మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుంది, 1954లోనే ఆలిసన్ అనే ఆయన చూపించాడు, కాబట్టి దోమలున్న అడవుల్లో వందల ఏళ్లుగా క్యారియర్లే ఎక్కువ బతికి బట్టకట్టారు. శాపమో పాపమో కాదు, ఒకప్పుడు ప్రాణం నిలిపిన విషయమే ఇది. ఏజెన్సీలో ఎవరితోనైనా మాట్లాడేటప్పుడు ఈ ముక్క ముందు చెప్తే ముఖంలో తేడా కనిపిస్తుంది, నేను చూశాను.

2023 జులై 1న మధ్యప్రదేశ్ షహడోల్‌లో జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టారు, 2047 కల్లా దీన్ని ప్రజారోగ్య సమస్యగా లేకుండా చెయ్యాలని, 17 రాష్ట్రాల్లో 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్ష చెయ్యాలని టార్గెట్. మన రెండు రాష్ట్రాలూ ఉన్నాయి. 2025 జులై నాటికి 6 కోట్లు దాటాయి, 2.15 లక్షల మందికి జబ్బు, 16.7 లక్షల మంది క్యారియర్లు అని ప్రభుత్వం లెక్క చెప్పింది. ఈ రెండో అంకె చూడండి ఒకసారి. జబ్బున్న ఒక్కొక్కరికి ఏడెనిమిది మంది క్యారియర్లు. అంటే కబురు చెప్పాల్సిన ఇళ్లలో ఎక్కువ శాతం ఏ జబ్బూ లేని మనిషి ఉన్న ఇళ్లే, వాళ్లకి తప్పుగా చెప్తే మనమే ఇంట్లో జబ్బు పెట్టినట్టు.

క్యాంపుల్లో చేసే మొదటి పరీక్ష గురించి ఒక హెచ్చరిక. సాల్యుబిలిటీ టెస్ట్ అని, రక్తం మందులో కలిపితే మసకబారుతుందా లేదా అని చూస్తారు, చవక, త్వరగా అయిపోతుంది. పెద్దవాళ్లలో అది చెప్పేది కూడా ఎస్ ఉందా లేదా అన్నంత వరకే, క్యారియరా జబ్బా అన్నది చెప్పదు. ఆరు నెలల లోపు పిల్లల్లో అయితే అసలు పనికిరాదు, ఎఫ్ నిండా ఉంటుంది కాబట్టి జబ్బున్నా నెగటివ్ చూపించొచ్చు. పసిబిడ్డకి హెచ్‌పీఎల్‌సీ కానీ, క్యాపిలరీ ఎలక్ట్రోఫోరసిస్ కానీ (రెండూ హిమోగ్లోబిన్ రకాల్ని విడదీసి చూపించే మెషీన్ పరీక్షలు), లేకపోతే ఇప్పుడు ప్రెగ్నెన్సీ కిట్ లాగా చిన్న స్ట్రిప్ మీద ఏ, ఎస్ గీతలు చూపించేవి వచ్చాయి, అవి కానీ చెయ్యాలి. శాంపిల్ తీసేది మడమ పక్క భాగంలో, మధ్యలో కాదు, ఎముక దగ్గరగా ఉంటుంది. చుక్కలు ఫిల్టర్ పేపర్ మీద పడ్డాక మూడు నాలుగు గంటలు నీడలో ఆరాలి, ఎండలో పెట్టకూడదు, ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు. శ్రావణంలో కొండ మీద ఆ పేపర్ ఆరడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు, తడి తడిగానే కవర్లో పెట్టేస్తే ల్యాబ్‌కి వచ్చేది బూజు. ఇంకొకటి, బిడ్డకి ఏ కారణంగానైనా రక్తం ఎక్కించారంటే శాంపిల్ అంతకుముందే తియ్యాలి, తర్వాత తీస్తే అది దాత రక్తం రిపోర్టు.

స్క్రీనింగ్ అంటే జల్లెడ అని గుర్తుపెట్టుకోవాలి. జల్లెడలో మిగిలిందంతా రాయి కాదు, మళ్లీ చేత్తో ఏరాలి. ఎఫ్ఎస్ వచ్చిందంటే వెంటనే రెండో శాంపిల్, దాంతోపాటు అమ్మానాన్నలిద్దరికీ పరీక్ష, ఎందుకంటే అది అసలు సికిల్ జబ్బా, లేక ఒకరి నుంచి సికిల్ ఇంకొకరి నుంచి తలసేమియా వచ్చిన రకమా అన్నది తల్లిదండ్రుల రక్తం చూస్తేనే తేలుతుంది. కరోనా వచ్చాక ఇంకో గొడవ, పాజిటివ్ అన్న మాట వినగానే జబ్బు వచ్చేసింది, అంటుకుంటుంది అనుకుంటున్నారు. ఒక ఊళ్లో క్యారియర్ పిల్లని అంగన్‌వాడీలో పక్కన కూర్చోబెట్టారని విన్నా. ఇది అంటుకునేది కాదండీ బాబూ, పుట్టుకతో వచ్చేది, పుట్టాక రాదు, పుట్టాక పోదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా, చెప్పడం.

మన భాషలో ఒక చిక్కుంది. క్యారియర్ అన్నదానికి జనం వాడే మాట లేదు. వాహకులు అని కరపత్రాల్లో రాస్తారు, ఎవరికీ ఎక్కదు. దాంతో చెప్పేవాళ్లు ఏం చేస్తారంటే "కొంచెం సికిల్ ఉందమ్మా" అంటారు, మంచి ఉద్దేశంతోనే, భయపడతారని. కానీ మనకి కొంచెం షుగర్ ఉంది, కొంచెం బీపీ ఉంది అంటే ఏంటి అర్థం? ఇవాళ కొంచెం, జాగ్రత్త పడకపోతే రేపు ఎక్కువ. కాబట్టి ఆ తల్లి పిల్లాడిని ఆడుకోనివ్వదు, చల్లటివి పెట్టదు, ఎవరో చెప్పిన మందు పోస్తుంది, పెరుగుతుందేమో అని రోజూ భయపడుతుంది. క్యారియర్ ఎప్పటికీ పేషెంట్ అవడు. ఆ రోజు ఆ కుర్రాడికి నేను చెప్పింది ఇది: "తమ్ముడూ, బాబుకి జబ్బు లేదు. ఇక ముందు రాదు. రక్తం తయారుచేసే చీటీలు రెండుంటాయి, ఒకటి అమ్మది, ఒకటి నాన్నది. వీడికి ఒక చీటీ మంచిది, ఒకటి తప్పు అచ్చు పడింది. మంచి చీటీ ఒక్కటున్నా చాలు, పని జరిగిపోతుంది. రెండూ తప్పు అచ్చువి వస్తేనే జబ్బు." వాడు కాసేపు ఊరుకుని, ఆ తప్పుది ఎవరిచ్చారన్నా అన్నాడు.

చూశారా, రెండో ప్రశ్నే ఇది వస్తుంది, ఎప్పుడూ ఇదే వస్తుంది. ఇంట్లో అయితే అడగకుండానే తీర్పు కూడా అయిపోతుంది, కోడలిదే. వాళ్ల పుట్టింట్లో ఎవరికో ఉండేదట అని అత్తగారి తరపు వాళ్లు మొదలుపెడతారు. ఎవరి నుంచైనా రావొచ్చు, తల్లి నుంచి రావడానికి ఎంత అవకాశమో తండ్రి నుంచి రావడానికీ అంతే. అందుకే కబురు తల్లికి ఒక్కదానికే చెప్పకూడదు, ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాలి, ఇద్దరికీ ఒకే రోజు పరీక్ష చెయ్యాలి, రిజల్ట్ కూడా విడివిడిగా, వార్డులో పదిమంది ముందు కాకుండా చెప్పాలి. ఇంకో సున్నితమైన విషయం, ఒక్కోసారి బిడ్డ క్యారియర్, తల్లీ తండ్రీ ఇద్దరూ కాదు అని వస్తుంది. ముందు శాంపిల్ తారుమారైందేమో చూడాలి, అది ఎక్కువ జరిగేదే. కానీ ఇంకో కారణం కూడా ఉండొచ్చు, అది ఒక ఆడదాని కాపురం. అలాంటి రిపోర్టు పట్టుకుని నోరు జారే మనిషి ఈ పనిలో ఉండకూడదని నా అభిప్రాయం, ఎంత బాగా పనిచేసినా సరే.

జబ్బే ఉన్న ఇంట్లో చెప్పడం వేరు. అక్కడ మెత్తగా చెప్పాలని అసలు సంగతి దాచేస్తే ప్రమాదం. జబ్బు పేరు స్పష్టంగా చెప్పాలి, ఒక కాగితం మీద రాసివ్వాలి, ఎందుకంటే రేపు వేరే ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ డాక్టర్‌కి ఆ కాగితమే చెప్తుంది. మొదటి రోజే జన్యువుల క్లాసు తీసుకోవద్దు, ఆ తల్లి చెవికి ఏదీ ఎక్కదు. మొదటి రోజు చెప్పాల్సినవి, పెన్సిలిన్ రోజూ రెండు పూటలా ఐదేళ్లు వచ్చేదాకా ఆపకూడదు, 101 జ్వరం దాటితే పొద్దున చూద్దాం అనుకోకుండా ఆ క్షణమే ఆసుపత్రి, బల్ల చూడటం ఇలా అని తల్లి చెయ్యి పట్టుకుని బిడ్డ పొట్ట మీద పెట్టి చూపించడం, టీకాలు ఒక్కటీ తప్పకూడదు అని. న్యుమోకాకల్ టీకా 2021 నుంచి దేశమంతా ఉచితంగానే ఇస్తున్నారు, సికిల్ పిల్లలకి ఇంకొన్ని అదనంగా కావాలి, డాక్టర్ రాస్తారు. ఆ తర్వాత మెల్లగా మిగతావి, కొంచెం పెద్దయ్యాక హైడ్రాక్సీయూరియా అనే బిళ్ల ఉంటుందని, అది ఆ పాత ఎఫ్‌నే మళ్లీ పెంచి నొప్పులు తగ్గిస్తుందని, నీళ్లు బాగా తాగించాలని, స్కూలుకి వెళ్లొచ్చని. 2016 వికలాంగుల చట్టంలో సికిల్, తలసేమియా, హీమోఫీలియా మూడూ ఉన్నాయని కూడా చెప్పాలి, సర్టిఫికెట్ సంగతి వాళ్లంతట వాళ్లకి ఎవరూ చెప్పరు. ఇవన్నీ తెలుగులో చెప్తే అర్థమయ్యే ఇళ్లు అయితే సరే, కోయ, గోండి, కువి మాట్లాడే ముసలమ్మ ఇంట్లో నిర్ణయాలు తీసుకునేది అయితే ఆమె భాషలో చెప్పే మనిషి కావాలి, ఏఎన్ఎం పక్కన ఆ ఊరి ఆశా కార్యకర్త ఉంటే సగం పని అవుతుంది.

అందరూ తప్పుగా అర్థం చేసుకునే లెక్క ఒకటుంది, నాలుగులో ఒకటి. భార్యాభర్తలిద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ జబ్బు వచ్చే అవకాశం నాలుగులో ఒకటి. దీన్ని వినేవాళ్లు "నలుగురు పిల్లల్లో ఒకడికి, ఆ ఒకడు అయిపోయాడు కాబట్టి ఇక ముగ్గురికి ఢోకా లేదు" అని లెక్కేసుకుంటారు. నేను రెండు రూపాయి బిళ్లలు తీసి టేబుల్ మీద వేయిస్తాను. ఒక బిళ్ల నాన్నది, ఒకటి అమ్మది, రెండూ బొరుసు పడితే జబ్బు, ఒకటి బొమ్మ ఒకటి బొరుసు అయితే క్యారియర్, రెండూ బొమ్మే అయితే ఏమీ లేదు. వాళ్లచేతే పదిసార్లు వేయిస్తే, వరసగా రెండుసార్లు బొరుసులు పడటం వాళ్ల కళ్లతో వాళ్లే చూస్తారు, కిందటిసారి ఏం పడిందో బిళ్లకి గుర్తుండదు అని నేను చెప్పే పని లేదు.

ఈ కబురు తప్పుగా వెళ్తే ఏమవుతుందో ప్రపంచం ఇప్పటికే చూసింది. 1970ల మొదట్లో అమెరికాలో హడావుడిగా చట్టాలు చేశారు, నల్లజాతి వాళ్లు స్కూల్లో చేరాలన్నా పెళ్లి లైసెన్సు కావాలన్నా సికిల్ పరీక్ష అని కొన్ని రాష్ట్రాల్లో, వాటిలో కొన్ని చట్టాలకి క్యారియర్‌కి, పేషెంట్‌కి తేడా కూడా తెలీదు. ఏ జబ్బూ లేనివాళ్లకి ఉద్యోగాలు పోయాయి, ఇన్సూరెన్సులు దొరకలేదు, ఎయిర్‌ఫోర్స్ అకాడమీ 1981 దాకా క్యారియర్లని చేర్చుకోలేదు. సికిల్ అనేది ఒక అణువు లోపం అని 1949లో చెప్పిన లైనస్ పాలింగ్, రెండు నోబెల్ ప్రైజులు వచ్చిన మనిషి, 1968లో ఏం రాశాడో తెలుసా, క్యారియర్ల నుదుటి మీద పచ్చబొట్టు పొడవాలని, అలాగైతే ఒకరినొకరు చూసుకుని ప్రేమలో పడరని. మంచి బుర్ర ఉన్నంత మాత్రాన మనుషులు అర్థమవుతారని లేదు.

మనకి దగ్గరగా ఉండేది గ్రీస్ కథ. ఆర్కోమెనోస్ అనే ఊళ్లో సికిల్ ఎక్కువ, అక్కడ కూడా మనలాగే పెద్దలు కుదిర్చే పెళ్లిళ్లు. ఊరంతా పరీక్ష చేసి క్యారియర్లకి చెప్పారు, క్యారియర్లు క్యారియర్లని చేసుకోకుండా ఉంటారు కదా అని. కొన్నేళ్లకి వెళ్లి చూస్తే క్యారియర్లని తక్కువ చూపు చూస్తున్నారు, సంబంధాలు తప్పిపోతున్నాయని చాలామంది సంగతి దాచేశారు, ఇద్దరు క్యారియర్ల పెళ్లిళ్లు ముందు ఎన్ని జరగాలో అన్నే జరిగాయి. అదే సైప్రస్‌లో తలసేమియాకి వేరేలా చేశారు, పెళ్లికి ముందు చర్చి సర్టిఫికెట్ అడుగుతుంది, కానీ అది పరీక్ష చేయించుకున్నారు, కౌన్సెలింగ్ అయింది అని మాత్రమే, పెళ్లి చేసుకోవద్దని ఎవరూ అనరు, ఎక్కువ జంటలు చేసుకున్నాయి కూడా, గర్భంలో పరీక్ష సౌకర్యం ఇచ్చారు, తలసేమియా మేజర్‌తో పుట్టే పిల్లలు దాదాపు లేకుండా పోయారు. మన దగ్గర కూడా జాతకాలు కలిపినట్టు సికిల్ కార్డులు కలిపి చూసుకోండి అనే ప్రచారం ఉంది. పోలిక బాగానే ఉంది గానీ, జాతకంలో దోషం ఉన్న ఆడపిల్లకి మన ఊళ్లలో ఏమవుతుందో తెలిసినవాళ్లకి ఆ పోలిక కొంచెం భయం పుట్టిస్తుంది.

తలసేమియా సంగతి రెండు ముక్కల్లో చెప్పాలి, ఎందుకంటే పుట్టగానే పరీక్ష చేస్తే అన్నీ తెలిసిపోతాయని అనుకుంటారు. బీటా తలసేమియా క్యారియర్ అన్నది పుట్టినప్పుడు పట్టుకోవడం కుదరదు, దాన్ని చూపించే ఏ2 అనే ఇంకో రకం హిమోగ్లోబిన్ అప్పటికి ఇంకా పెరగదు. మన దేశంలో వందకి ముగ్గురు నలుగురు దీని క్యారియర్లు, దీన్ని పట్టాల్సిన చోటు గర్భిణి మొదటి చెకప్. సీబీపీ అనే రక్తపరీక్షలో ఎంసీవీ, అంటే ఎర్రకణం సైజు, 80 కన్నా తక్కువ వస్తే ఐరన్ మాత్రలు రాసి పంపేస్తారు, ఐరన్ లోపం కూడా మనకి ఎక్కువే కాబట్టి తప్పేం కాదు, కానీ ఎన్ని మాత్రలు మింగినా పెరగకపోతే అప్పుడైనా ఏ2 చూడాలి. ఇద్దరూ క్యారియర్లని మూడో నెల లోపు తెలిస్తే గర్భంలో బిడ్డకి పరీక్ష చేయించుకుని ఆలోచించుకునే టైం ఉంటుంది, ఏడో నెలలో తెలిస్తే ఏడవడానికి తప్ప దేనికీ టైం ఉండదు.

జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం అని ఇంకొకటి, సిటీల్లో ప్రైవేట్ ఆసుపత్రుల న్యూబార్న్ స్క్రీనింగ్ ప్యాకేజీల్లో ఎక్కువగా ఉండేది ఇదే (సికిల్, తలసేమియా అందులో ఉన్నాయో లేదో డబ్బు కట్టేముందు అడగండి, ప్యాకేజీ పేరు చూసి అన్నీ ఉన్నాయనుకోవద్దు). ఇది తల్లి నుంచి ఎక్కువగా మగపిల్లలకి వస్తుంది, మామూలుగా ఏమీ కాదు, కొన్ని తగిలితేనే ఎర్రకణాలు ఉన్నట్టుండి పగిలిపోతాయి. మలేరియాకి ఇచ్చే ప్రైమాక్విన్ ఒకటి, అందుకే ఏజెన్సీలో ఇది తెలిసి ఉండటం ముఖ్యం. ఇంకోటి మన ఇళ్లలోనే ఉంటుంది, కలరా ఉండలు. పుట్టిన బిడ్డని పొత్తిళ్లలో చుట్టడానికి మామ్మ పాత నూలు చీర పెట్టెలోంచి తీస్తారు కదా, ఆ పెట్టెలో ఏళ్లుగా ఉన్నది కలరా ఉండలే. జీ6పీడీ లోపం ఉన్న బిడ్డకి ఆ వాసన, ఆ బట్ట కలిసి కామెర్లు తీవ్రంగా వచ్చేలా చేస్తాయి. పరీక్ష చేసినా చెయ్యకపోయినా ఆ చీర ఉతికి ఎండలో ఆరేసి వాడండి, లేదా అసలు ఆ ఉండలే మానెయ్యండి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి కూడా పిల్లలు పుట్టాక ఫలానా హిమోగ్లోబిన్ ట్రెయిట్ అని లెటర్ వస్తుంటుంది, ఇంటికొచ్చాక అర్ధరాత్రి గూగుల్ చేసి ఇండియాకి ఫోన్ చేసేస్తారు. అక్కడైనా ఇక్కడైనా మొదట చూడాల్సింది ట్రెయిట్ (అంటే క్యారియర్) అన్న మాట ఉందా, డిసీజ్ (అంటే జబ్బు) అన్న మాట ఉందా అని, తర్వాత పిల్లాడి కోసం కాకుండా మీ ఇద్దరి కోసం పరీక్ష చేయించుకోండి, ఎందుకంటే ఆ లెటర్ నిజంగా పనికొచ్చేది తర్వాతి బిడ్డకి.

ఆ కుర్రాడు రెండు రోజుల తర్వాత భార్యని తీసుకుని వచ్చాడు, బాబు కూడా ఉన్నాడు, ఆకలికి గోల గోల చేస్తున్నాడు. ఇద్దరికీ చేశాం. ఆమెది ఏఎస్, అంటే క్యారియర్, భర్తది ఏఏ, అంటే మామూలు, తలసేమియా కూడా లేదు. విడివిడిగా చెప్పాను, ఆమె ముందు తల దించుకుంది, నేను మలేరియా కథ చెప్తే కొంచెం ఎత్తింది. మీకు ఎంతమంది పిల్లలు పుట్టినా ఈ జబ్బు రాదమ్మా, మీలాగే క్యారియర్లు అవ్వొచ్చు అంతే అన్నాను. మీ తమ్ముడికి కూడా పరీక్ష చేయించండి, సగానికి సగం ఛాన్స్ ఉంది అంటే ఆమె నవ్వింది, ఎందుకంటే తమ్ముడికి పోయినేడు ఆడపిల్ల పుట్టిందట, ఇంట్లో అందరూ అప్పుడే మేనరికం అని సరదాగా అంటున్నారట. అనుకోనివ్వండి, ఆ పిల్లకి పెళ్లీడొచ్చాక ఒక్క పరీక్ష చేస్తే తెలిసిపోతుంది అన్నాను.

వెళ్లేటప్పుడు వాడు అడిగాడు, వీడికి పెళ్లి వయసు వచ్చేదాకా ఈ కాగితం ఎక్కడ దాచాలన్నా అని. తల్లీబిడ్డ కార్డులో పెట్టుకో అన్నాను. అది చిరిగిపోతుంది, మాది గడ్డి ఇల్లు, కారుతుంది అన్నాడు. కాసేపు ఆలోచించి రిపోర్టుని నాలుగు మడతలు పెట్టి, ప్యాంటు జేబులోంచి ప్లాస్టిక్ కవర్ తీసి, అందులో ఉన్న రేషన్ కార్డు వెనకాల దోపాడు.